పెదవికి తెలియని అంచు

మా పనిలో కంటికంటే పెదవికే విలువ ఎక్కువ. కట్టుడు పళ్ళ సెట్టు తయారయ్యాక దాని అంచును తడిపి, మన కింది పెదవి లోపలి వైపు నెమ్మదిగా తిప్పి చూడాలి. ఎక్కడైనా గీరుకున్నట్టు అనిపిస్తే ఆ చోట ఆకురాయి పట్టాలి, మళ్ళీ తిప్పాలి. అక్కడ అంచు ఉన్న సంగతే పెదవికి తెలియకూడదు. నాకు పని నేర్పిన ఉస్తాదు దగ్గర మూడేళ్ళు నేర్చిందంతా ఒక్క ముక్కలో చెప్పమంటే ఇదే చెబుతాను. "నీ పెదివికి తెల్వకపోతే ముసలోని చిగురుకు గుడ తెల్వది," అనేవాడాయన. ఇప్పటివాళ్ళు వింటే ఛీ అంటారు. అననీ. కడిగే ఇచ్చేవాళ్ళం. నేను చేసిన సెట్టు గుచ్చుకుంటోందని నిజామాబాదులో ఒక్కరైనా వెనక్కి తెచ్చిన పాపాన పోలేదు. ఆ గర్వం నాకు నెత్తికెక్కి ఉండేది. చివరికి అది ఇంకొకరి నెత్తి మీదికి వచ్చింది.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది. బస్టాండు వెనక మేడ మీద ఒక గది నా లాబ్. పళ్ళ డాక్టర్లు అచ్చులు పంపితే సెట్లు చేసి ఇచ్చేవాణ్ణి. ఒక రోజు పొద్దున తలకాయ ఆపరేషన్లు చేసే ఒక డాక్టరుగారు మెట్లెక్కి వచ్చారు. వాళ్ళ అమ్మగారికి నేనే సెట్టు చేశాను కాబట్టి మొహం ఎరుగుదును. ఆయన చంకలో ఒక అట్టపెట్టె ఉంది. తెరిచి, పాత వార్తాపత్రికలు తీసేసి, నా బల్ల మీద ఒక పుర్రె పెట్టారు.

నేను కుర్చీ వెనక్కి జరిపాను.

"నిజందిగాదు, భయపడకు. ప్రింటు కొట్టింది," అన్నారు.

ప్రింటు కాగితం మీద కదా కొట్టేది అని నా అనుమానం. ఆయన ఓపికగా చెప్పారు. మనిషి తల స్కాన్ సీడీలో పెట్టి హైదరాబాదు పంపితే, అక్కడ యంత్రాల విడిభాగాలకు నమూనాలు తీసే కార్ఖానాలో ఒక మెషిను ఉందట. అది తెల్లటి పొడిని కాగితమంత పలచగా పరిచి, కావలసిన చోట జిగురు చల్లి, దాని మీద ఇంకో పొర పరిచి, అలా పొర మీద పొరగా ఈ పుర్రెను తీసిందట. వేలితో తడిమితే ఆ పొరలు తెలిశాయి. ఎడమ చెవి పైన మాత్రం అరచేయంత మేర ఏమీ లేదు. అందులోంచి నా బల్ల కనిపించింది.

ఆ పుర్రె గల మనిషి బతికే ఉంది. మోస్రాలో బీడీలు చుట్టుకునే ఆడమనిషి. చెరకు నరికే రోజుల్లో భర్త నడిపే ట్రాక్టరు ట్రాలీ మీద, చెరకు కట్టల పైన కూర్చుని వస్తూ బోధన్ రోడ్డులో కింద పడింది. మెదడు ఉబ్బుతుంటే ఈయనే ఎముక ముక్క తీసి ప్రాణం కాపాడారు. తీసిన ముక్కను మళ్ళీ పెడితే చీము పట్టింది. తీసి పారేయాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ చోట చర్మం తప్ప అడ్డం లేదు. పైదేశం నుంచి తెప్పించే లోహపు చిప్ప ఖర్చు వాళ్ళు భరించలేరు.

"పళ్ళ సెట్టుకు నువ్వు వాడే ప్లాస్టిక్కే తలకు గుడ వాడుతరు. రంగు లేనిది వాడు. ఈ రంధ్రానికి సరిపోయే చిప్ప చేసియ్యి. అంచు మాత్రం పదునుగ, ఏటవాలుగ ఉండాలె," అని పుర్రె మీద పెన్సిలుతో గీసి చూపించారు. కోసిన ఎముక అంచు పైన వెడల్పుగా, లోపలికి పోను పోను ఇరుకుగా ఉంది. చిప్ప అంచూ అదే వాలులో ఉంటే కుండ మీది మూతలా నిలబడుతుంది, లోపలికి జారదు. నాకు బాగా అర్థమైంది. అర్థం కాక చేశానని చెప్పుకునే వీలు నాకు ఏనాడూ లేదు.

మా ఉస్తాదు పెట్టిన ఇంకో పద్ధతి, నోరు చూడకుండా పళ్ళు చేయకూడదని. అందుకని మనిషిని చూడాలన్నాను. డాక్టరుగారు నవ్వి పంపించారు.

ఆమెకు పాతికేళ్ళు దాటి ఉంటాయి. కొంగు తల మీదుగా కప్పుకుని, అత్తను వెంటబెట్టుకుని వచ్చింది. స్టూలు మీద నిటారుగా కూర్చుని కొంగు తీస్తే ఎడమ వైపు చర్మం లోపలికి గుంటపడి ఉంది. చెప్పు జారిందని వంగింది. ఆ వంగిన క్షణంలో గుంట నిండి, పైకి ఉబికి, టిక్ టిక్ మని కొట్టుకోవడం మొదలుపెట్టింది. నేను గోడ వైపు చూశాను. బీడీలు చుట్టే మనిషి పొద్దంతా చాట మీదికి వంగే కూర్చోవాలి. అంటే పొద్దంతా ఆమె తల అలా ఉబికి కొట్టుకుంటూనే ఉంటుందన్నమాట.

"పిల్లగాడు ఎత్తుకొమ్మంటే భయమైతది అన్నా. వాని చెయ్యి తాకినా సచ్చిపోతనని సారు చెప్పిండు," అందామె, పక్కింటి కబురు చెప్పినట్టు.

అత్త మాత్రం బల్ల మీది పుర్రె నుంచి చూపు తిప్పలేదు. దాని మీద అతుకుల గీతలు సన్నగా పడ్డాయి. మనవాళ్ళు బ్రహ్మరాత అనే గీతలు. రంధ్రం దగ్గరికి వచ్చి అవి తెగిపోయాయి.

"రాత పోయిన కాడ ఏం రాస్తవు బిడ్డా?" అని అడిగింది.

"రాసుడు నా పని కాదవ్వా, మూత పెట్టుడే," అన్నాను. నా హాస్యానికి నేనే నవ్వుకున్నాను. ముసలమ్మ నవ్వలేదు. "పండ్లు జేసేటోనికి నెత్తి ఇయ్యవడ్తిమి," అని కోడలితో గొణుక్కుంటూ మెట్లు దిగింది.

పని మొదలుపెట్టాను. రంధ్రంలో మైనం నింపి, కుడి వైపు తలను చూస్తూ ఎడమ వంపు దిద్దాను. సున్నపు అచ్చు తీసి, మైనం కరిగించి, ఆ చోట ప్లాస్టిక్కు ముద్ద పెట్టి, ఇత్తడి డబ్బాలో బిగించి, నీళ్ళలో ఉడికించాను. తొందరపడి మంట పెంచాను. డబ్బా తెరిస్తే చిప్ప నిండా సన్నటి బుడగలు. బుడగలున్నది తల లోపల పెట్టడానికి పనికిరాదు. దాన్ని అరలో పారేసి, ఆపరేషన్ రోజు దగ్గరపడుతోందని మళ్ళీ మైనం దగ్గర్నుంచి మొదలుపెట్టాను.

రెండోది అద్దంలా వచ్చింది. పుర్రెలో పెడితే సరిగ్గా కూర్చుంది. నాకు ఒళ్ళు పులకరించింది. నిజామాబాదులో కూర్చుని మనిషి కపాలం చేశానంటే మాటలా! ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషి కింద బండి ఆపి హారను కొడుతున్నాడు. ఇక మెరుగు పెట్టి ఇవ్వడమే తరువాయి. మెరుగు పెట్టాను, కడిగాను, తడి అంచును పెదవికి తగిలించి తిప్పాను. గీరుకుంది. ఆకురాయి పట్టాను. మళ్ళీ తిప్పాను. వెనక మూల ఇంకా గుచ్చుకుంటోంది, అక్కడ ఇంకాస్త పట్టాను. నాలుగోసారికి పెదవికి ఏమీ తెలియలేదు. హాయిగా ఊపిరి పీల్చుకుని, గుడ్డలో చుట్టి ఇచ్చేశాను. తిరిగి పుర్రెలో పెట్టి చూడాలని తోచలేదు. పళ్ళ సెట్టుకు అంచు గుండ్రం చేస్తే కుదురు చెడదు కదా.

ఇరవై ఏళ్ళ అలవాటు అది. చేతులు వాటంతట అవే చేసుకుపోయాయి. అప్పుడు నన్ను ఆపి, ఏం చేస్తున్నావురా అని ఎవరైనా అడిగితే, "మెరుగు పెడుతున్న" అని చెప్పి ఉండేవాణ్ణి.

ఆపరేషన్ బాగా జరిగిందని కబురొచ్చింది. వారం తర్వాత ఆమె ఇంటికి వెళ్ళిపోయింది. పళ్ళ డాక్టర్లు నన్ను ఆటపట్టించడం మొదలుపెట్టారు. "ఇగ పుర్రెకో బుద్ధి గాదు, పుర్రెకో మేస్త్రి," అనేవాళ్ళు. నేనూ మీసం దువ్వుకుని తిరిగాను.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం గిరాకీ లేక గది సర్దుతుంటే అరలో బుడగల చిప్ప కనిపించింది. సరదాకి దాన్ని పుర్రె రంధ్రంలో పెట్టాను. గట్టిగా కూర్చుంది. బొటనవేలితో ఒత్తాను. కదల్లేదు. బలమంతా పెట్టి ఒత్తాను. కదల్లేదు. బాగుంది అనుకుని తీస్తుంటే దాని అంచు వేలికి కోసుకుంది. సన్నగా నెత్తురు వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఇది పాడైందని తెలిశాక దీని అంచు నేను ముట్టుకోలేదు. ఆమె తలలో ఉన్నదాని అంచు ముట్టుకున్నాను.

నిజం తెలుసుకోక తప్పదని ఆకురాయి తీసుకుని, ఆ రోజు రెండోదానికి చేసినట్టే దీనికీ చేశాను. పెదవికి తిప్పుతూ, వెనక మూల కాస్త ఎక్కువగా, నాలుగుసార్లు. మళ్ళీ పుర్రెలో పెట్టాను. పైకి చూస్తే అంతే చక్కగా కూర్చుంది. బొటనవేలు వెనక మూలన పెట్టి ఒత్తాను. టక్ మని ఆ మూల లోపలికి పోయింది, ముందు వైపు పైకి లేచింది. వేలు తీస్తే టక్ మని తిరిగి వచ్చింది. ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. ప్రతిసారీ ఆ శబ్దం.

సాయంత్రమే డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన విన్నారు. కాసేపు పెన్ను తిప్పారు. "నాకు గుడ వెనక దిక్కు కొంచెం లూజ్ అనిపించింది. ఇంకో కుట్టేసిన. కండ పట్టి అదే బిగుస్తది. ఏం కాదు, పో," అన్నారు.

నాకు కావలసింది ఆ మాటే. రెండు చేతులా తీసుకుని ఇంటికి వచ్చాను. ఆ రోజు నేను నిజంగా నమ్మానా అని అడిగితే, నమ్మలేదు. నమ్మితే నాకు మంచిదని నమ్మాను. ఇంతకంటే సిగ్గుపడాల్సిన పని నా బతుకులో నేను చేయలేదు.

కానీ నిజామాబాదులో తప్పించుకుని ఎక్కడికి పోతాం? ఏ గల్లీలోకి పోయినా అరుగుల మీద ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని, తలలు వంచి బీడీలు చుడుతుంటారు. పుట్టినప్పటినుంచీ చూస్తున్నవాణ్ణే. ఇప్పుడు ఆ వంగిన తలల మధ్యలోంచి నడవాలంటే భయం వేసేది. ఎక్కడో ఒక తలుపు గొళ్ళెం టక్ మంటే ఆగిపోయేవాణ్ణి. ఇంట్లో అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూ ఉండిపోతే, నా భార్య "ఏమైంది, దయ్యం పట్టిందా?" అని కసిరేది.

నెలలు గడిచాయి. చెరకు గానుగ మొదలైంది. ఒక ఆదివారం ఇక ఉండబట్టలేక బస్సెక్కాను. బోధన్ దగ్గర పడుతుంటే చక్కెర మడ్డి వాసన బస్సు నిండా కమ్ముకుంది. ఎదురుగా చెరకు ట్రాలీలు, ఒకదాని వెనక ఒకటి, తలకు మించిన ఎత్తున కట్టలు. వాటి పైన మనుషులు కూర్చుని ఉన్నారు. కళ్ళు మూసుకుని మోస్రా చేరాను.

ఆమె వాకిట్లో నీడన కూర్చుని బీడీలు చుడుతోంది. జుట్టు వేలెడు పెరిగింది. నన్ను చూసి మొహం విప్పారింది. "అవ్వా, నా తలకాయ జేసిన మేస్త్రి వచ్చిండు, చాయ్ పెట్టు!" అని లోపలికి కేకేసింది. పిల్లవాణ్ణి ఎత్తుకుంటున్నానని చెప్పింది. బస్సులో ఊగినా భయం లేదంది. నేను తేలికపడుతుండగా, ఆకు కత్తిరిస్తూనే అంది: "ఒక్కటే అన్నా. ఎడమ దిక్కు పండుకుంటే లోపట టక్కుమంటది. జేసిన తలకాయ గిట్లనే ఉంటదేమో అనుకున్న."

"డాక్టరుకు చెప్పలేదా?"

"గింత దానికి చెప్తే నవ్వుతడని చెప్పలే."

ఆమెను అడిగి, వెనక మూల ఎక్కడుంటుందో నాకు తెలుసు కాబట్టి, సరిగ్గా అక్కడ బొటనవేలు ఆనించాను. ఒత్తనైనా లేదు, ఆనించానంతే. చర్మం కింద అది ఒక గింజ మందం లోపలికి దిగింది. ఆమె చేతిలోని కత్తెర చాటలో పడింది. "ఒక్కపారి కండ్లు చీకటైనయి," అంది.

అప్పుడు చెప్పేశాను. పెదవి సంగతి, ఆకురాయి సంగతి, డాక్టరుగారు ఏం కాదన్న సంగతి, నేను తెలిసీ ఇన్ని నెలలు ఊరుకున్న సంగతి. "తప్పు నాది, చెల్లె," అన్నాను. ముసలమ్మ చాయ్ గ్లాసు నేల మీద కొట్టి పెట్టింది. "నీ చేతులు ఇరుగ! గుచ్చుకోవద్దని అరగదీసినవా? నెత్తేమన్న నోరారా?" అంది. నేను తల వంచుకుని పడ్డాను. ఆమె తిట్టకుండా ఊరుకుని ఉంటే ఇంకా భారంగా ఉండేది.

కోడలు మాత్రం చేతిలో సగం చుట్టిన బీడీని పూర్తి చేసి, దారం కట్టి, కట్టలో పెట్టింది. "తెర్వాలెనా మల్ల?" అని అడిగింది. తెరవాలన్నాను. తెరవకపోతే ఏ రోజో ఆ మూల దిగబడి పైకి రాకపోవచ్చన్నాను. ఆమె చెయ్యి తల మీదికి పోయి, తాకకుండానే ఆగింది.

డాక్టరుగారు స్కాన్ తీయించి చూశారు. ముందు నా మీద అరిచారు, తర్వాత తన మీద తనే కోపం తెచ్చుకున్నారు. కండ పట్టనేలేదు. కుట్లు రెండు తెగిపోయాయి. ఈసారి చిప్ప హైదరాబాదులోనే చేయిద్దాం, డబ్బు ఎలాగైనా సర్దుదామన్నారు. నేను బతుకుజీవుడా అనుకున్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"ఇంకోళ్ళు జేస్తే, వాళ్ళెక్కడ తప్పు జేస్తరో వాళ్ళకే తెల్వది సారూ. ఈయన తప్పేందో ఈయనకు తెలుసు. ఈయననే జెయ్యమను," అంది.

ఆ మాట విన్నాక పారిపోవడానికి నాకు దారి లేదు. కొత్త పుర్రె ప్రింటయి వచ్చింది. పళ్ళ పనంతా ఆపేసి, తలుపేసుకుని, మూడో చిప్ప చేశాను. మంట సన్నగా పెట్టి పొద్దంతా దాని ముందే కూర్చున్నాను. మెరుగు పెట్టేటప్పుడు చేయి దానంతట అదే పెదవి దాకా వచ్చేది. మా ఆవిణ్ణి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను, నోటి దగ్గరికి చేయి వస్తే కొట్టమని. రెండుసార్లు కొట్టింది. అయ్యాక పుర్రెలో పెట్టి నలుమూలలా ఒత్తి, డాక్టరుగారి చేత ఒత్తించి, అప్పుడు ఇచ్చాను. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ వరండాలో ముసలమ్మ ఒక చివర, నేను ఒక చివర కూర్చున్నాం. ఆమె నా వైపు చూడలేదు.

కుట్లు విప్పి, రెండు నెలలు దాటాక మళ్ళీ మోస్రా పోయాను. అంతా బాగుందని డాక్టరుగారు చెప్పినా నా మనసు ఒప్పుకోలేదు. ఆమె చిక్కిపోయి ఉంది. కళ్ళ కింద నలుపు. చాట పక్కన పెట్టి నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఒత్తు," అంది.

"డాక్టరు చూసిండు కద, చెల్లె."

"ఆయన మెల్లగ ఒత్తిండు. నువ్వు ఒత్తు."

నా చెయ్యి లేవలేదు. కదిలితే ఏం చేయాలి? మూడోసారి ఏ మొహంతో తెరవమంటాను? ఆమె నా చెయ్యి పట్టుకుని, బొటనవేలు తీసి వెనక మూలన పెట్టుకుంది. చర్మం వెచ్చగా ఉంది. కింద గట్టి అంచు తెలిసింది.

"ఎడమ దిక్కు పండుకోక నెలలాయె అన్నా. నిద్రల ఎక్కడ ఆ దిక్కు మల్లుతనో అని గోడకు కూసుంటున్న. నువ్వు ఒత్తకపోతే నేనెట్ల పండాలె?"

ఒత్తాను. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా, తర్వాత కళ్ళు మూసుకుని నా బలమంతా పెట్టి. ఆమె మెడ బిగబట్టింది. శబ్దం రాలేదు. ఏదీ కదల్లేదు.

నాకు ఏడుపొచ్చింది. ఆమె అక్కడే, ఆకు ముక్కలు ఊడ్చని ఆ నేల మీదే, చెయ్యి మడిచి తల కింద పెట్టుకుని ఎడమ వైపు తిరిగి పడుకుంది. నాలుగు మాటలు మాట్లాడుకునేంతలో నిద్రపోయింది. ముసలమ్మ వచ్చి చూసి, నా వైపు వేలెత్తి, మాట్లాడొద్దని సైగ చేసి, గోడ వారన కూర్చుంది.

నేను ఆమె ఊపిరి చూస్తూ కూర్చున్నాను. మధ్యలో ఒకసారి అది ఆగినట్టు అనిపిస్తే ముందుకు వంగాను. మళ్ళీ వచ్చింది. చివరి బస్సు పోతుందని తెలుసు. ఆమె కళ్ళు తెరిచి, నన్ను గుర్తుపట్టి, "ఇంక పోలేదా?" అని అడిగేదాకా అక్కడినుంచి లేవలేదు.